నలభై వేలల్లో కెమెరా: బాడీ కంటే ముందు లెన్స్ చూడండి

దసరా దగ్గర పడుతున్న కొద్దీ నాకు వచ్చే మెసేజ్‌లలో ఫోన్ల ప్రశ్నలు తగ్గి కెమెరా ప్రశ్నలు పెరుగుతాయి. "అన్నా, బడ్జెట్‌ల మంచి కెమెరా చెప్పు" అంటారు, అంతే. ఏం తీస్తారో చెప్పరు, ఎక్కడ తీస్తారో చెప్పరు, బడ్జెట్ ఎంతో కూడా మూడో మెసేజ్‌లో గానీ బయటపడదు. ఫోన్ అయితే పరవాలేదు, ఒకే ధరలో ఉన్న నాలుగు ఫోన్లూ దాదాపు ఒకే పని చేస్తాయి. కెమెరా అలా కాదు. ఒకరికి బంగారం లాంటి కెమెరా ఇంకొకరికి బీరువాలో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టా రీల్స్, పగటిపూట టూర్ ఫొటోలు, ఇవే మీ అవసరమైతే కెమెరా కొనకండి. లక్నవరం బ్రిడ్జి మీద మధ్యాహ్నం తీసే ఫొటోకి మీ దగ్గరున్న ఇరవై వేల ఫోన్ చాలు. ఆ డబ్బు పెట్టి తర్వాతి ఫోన్ కొంచెం మంచిది తీసుకోండి. ఈ ఆర్టికల్ ఫోన్‌తో పని జరగనివాళ్ల కోసం.

అలాంటివాళ్లలో మా చిన్నమ్మ కూతురు ఒకతి. హనుమకొండలో ఒక స్టూడియోలో ఆరు నెలలు ఆల్బమ్ ఎడిటింగ్ చేసింది. ఇప్పుడు తొట్టెల ఫంక్షన్లు, సారీ ఫంక్షన్లు, పుట్టినరోజులు సొంతంగా తీస్తానంటోంది. పెళ్లిళ్ల జోలికి ఇప్పుడే పోనని తనే చెప్పింది, అది నాకు నచ్చింది. బడ్జెట్ 40,000. అది కూడా మహిళా సంఘంలో చిన్నమ్మ తీసుకున్న లోన్. నెలకు రెండు వేలకు పైనే కిస్తీ. ఆర్డర్లు వచ్చినా రాకపోయినా కిస్తీ మాత్రం ఆగదు. అందుకే చిన్నమ్మ నన్ను సూటిగా అడిగింది: "ఫోన్‌ల రాని ఫొటో ఇండ్ల వస్తదా బిడ్డా? రాకుంటే చెప్పు, గీ పైసలు వాపస్ కడ్త."

స్పెసిఫికేషన్ల పట్టిక చూపిస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు. అందుకే కొనే ముందు రెండు చోట్ల ట్రై చేద్దామని నా బీటెక్ ఫ్రెండ్ దగ్గర కెనాన్ 1500డీ అడిగి తీసుకున్నాం. తను దాంతోపాటు 50 ఎంఎం లెన్స్ కూడా ఇచ్చాడు. ఫ్రెండ్స్ దగ్గర లేకపోతే రోజు అద్దెకు ఇచ్చేవాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. నలభై వేలు పెట్టేముందు వెయ్యి రూపాయలు అద్దెకు పోతే పోయేదేం లేదు.

మెగాపిక్సెల్ గోల

లెన్స్ సంగతికి వచ్చే ముందు ఒక అడ్డు తొలగించాలి. ఆన్‌లైన్‌లో నాలుగు వేల నుంచి ఎనిమిది వేల దాకా ఊరూ పేరూ లేని బ్రాండ్లతో "4కే, 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్" అని కెమెరాలు కనిపిస్తాయి. చూడ్డానికి చక్కగా, చిన్నగా ఉంటాయి. లోపల ఉండేది పాత ఫోన్లలో ఉండేంత చిన్న సెన్సర్. ఆ 48 మెగాపిక్సెల్ అనేది సాఫ్ట్‌వేర్ సాగదీసిన లెక్క, 16ఎక్స్ అనేది ఫొటోను కత్తిరించి పెద్దది చేయడం. పిల్లలకు ఆడుకోవడానికి కొనిస్తే కొనివ్వండి, పని కోసమైతే వద్దు.

చూడాల్సింది సెన్సర్ సైజు. చిన్న కాంపాక్ట్ కెమెరాల్లో మామూలుగా వాడే 1/2.3 ఇంచ్ సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. కెనాన్ ఏపీఎస్-సీ సెన్సర్ 22.3 × 14.9 మిల్లీమీటర్లు, అంటే సుమారు 332. దాదాపు పన్నెండు రెట్లు. వాన పడుతున్నప్పుడు చెంబు పెట్టామా, గంగాళం పెట్టామా అన్నంత తేడా. 24 మెగాపిక్సెల్ దగ్గర 2018లో వచ్చిన 1500డీ, 2023లో వచ్చిన ఆర్50 రెండూ ఒకేచోట ఉన్నాయి. ఆల్బమ్‌కి అంతకంటే ఎక్కువ అవసరం లేదు. కాబట్టి ఏపీఎస్-సీ సెన్సర్ ఉంటే మెగాపిక్సెల్ గురించి ఆలోచించడం ఆపేయొచ్చు.

రాయి, మనిషి

మొదటి ట్రయల్ వేయి స్తంభాల గుడిలో. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఈ త్రికూటాలయం మా ఊరి ఫొటోగ్రాఫర్లందరికీ బడి లాంటిది. బయట ఎండ మండిపోతుంటే మండపం లోపల నల్లరాయి చీకటిగా ఉంటుంది. ఫోన్‌తో తీస్తే ఫోన్ నాలుగైదు ఫొటోలు తీసి కలిపి ఒక ఫొటో చేస్తుంది, చూడ్డానికి బానే ఉంటుంది కూడా. దగ్గరికి లాగి చూస్తే స్తంభం మీది సన్నటి చెక్కుడు వాటర్ కలర్ పూసినట్టు అలుక్కుపోయి ఉంటుంది.

1500డీతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌లో ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉంది. చేతి వణుకును అది సర్దుతుంది. స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి సెకనులో పదో వంతు షట్టర్‌తో తీస్తే చెక్కుడు అంతా స్పష్టంగా వచ్చింది. స్టాండ్ అవసరం పడలేదు. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే మామూలుగా అనుమతి అడుగుతారు కాబట్టి చేతితోనే పని జరగడం మంచిదే. ఖిలా వరంగల్ తోరణాలైనా, రామప్పలో చూరు కింద ఉన్న నల్లరాతి మదనికలైనా ఈ కిట్ లెన్స్ చాలు. గుళ్లు, కోటలు తీయాలనుకునేవాళ్లు ఇంకో లెన్స్ కొనకండి. నిజంగానే అక్కర్లేదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు వెళ్లే ప్రతివాడి మెడలో పెద్ద లెన్స్ కనిపిస్తోంది, అది వేరే విషయం.

రెండో ట్రయల్ ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం, అదే గుడి ముందు. ఇక్కడ కథ మారిపోయింది.

పొద్దు గూకింది, పైన లైట్లు వెలిగాయి, ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. కిట్ లెన్స్‌ని 50 ఎంఎం దగ్గర పెడితే ఎపర్చర్ ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓ 6400 దాకా పెంచితే గానీ షట్టర్ 1/100 రాలేదు. 1/100లో చప్పట్లు కొట్టే చేయి ఆగదు, అలికినట్టు వస్తుంది. పైగా 6400లో ముఖం మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్. స్టెబిలైజేషన్ ఇక్కడ సున్నా. అది నా చేయి వణకకుండా చూస్తుంది గానీ, ఎదురుగా ఆడుతున్న అక్క చేతిని ఆపలేదు కదా! గుళ్లో రాయి కదలలేదు కాబట్టి సరిపోయింది.

అప్పుడు 50 ఎంఎం ఎఫ్/1.8 తగిలించాం. లెక్క చూడండి: 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7 దాకా వస్తుంది. అంటే అదే చోట, అదే లైట్ల కింద సెన్సర్ మీద దాదాపు పది రెట్లు వెలుతురు పడుతుంది. ఆ పది రెట్లలో కొంత షట్టర్‌కు, మిగతాది ఐఎస్ఓకు ఖర్చు పెట్టాం. 1/250, ఐఎస్ఓ 1600. చేయి ఆగింది, ముఖం మీద ఇసుక పోయింది, తంగేడు పూల పసుపు పసుపులా వచ్చింది. బాడీ మారలేదు, లెన్స్ ఒక్కటే మారింది.

ఇంటికెళ్లి మూడు ఫొటోలు, అంటే ఫోన్‌లోది, కిట్ లెన్స్‌ది, 50 ఎంఎంది, టీవీలో పెట్టి చిన్నమ్మకు చూపించాం. ఏది దేనితో తీశామో చెప్పలేదు. మూడో దాన్ని చూసి "గిది కడిగిపిద్దాం" అంది. లోన్ వాపస్ మాట మళ్లీ రాలేదు.

మరి 50 ఎంఎం అందరికీ సరిపోతుందా అంటే, లేదు. ఇది చాలా రివ్యూల్లో చెప్పరు. కెనాన్ ఏపీఎస్-సీ బాడీ మీద 50 ఎంఎం పెట్టి పది అడుగుల దూరం నుంచి తీస్తే ఫ్రేమ్‌లో పట్టేది నాలుగున్నర అడుగుల వెడల్పే. తొట్టెల, అందులో పాప, పక్కన తల్లి, అంతే. అమ్మమ్మ, నానమ్మ బయటే ఉండిపోతారు. మన ఇళ్లలో హాలు ఎంత ఉంటుందో మీకు తెలుసు, గోడకు అతుక్కుపోయి నిలబడ్డా వెనక్కి జరగడానికి చోటుండదు. అదే నైకాన్ బాడీ మీద 35 ఎంఎం ఎఫ్/1.8 పెడితే పది అడుగులకు 6.7 అడుగులు వస్తుంది. ఇళ్లలో తీసేవాళ్లకు నైకాన్ 35 మంచి బేరం, ఈ ఒక్క కారణంతో నేను చాలామందికి నైకాన్ చెప్పాను. కిట్ లెన్స్‌ను 18 దగ్గర పెడితే పన్నెండు అడుగులు దాటి వస్తుంది కాబట్టి గ్రూప్ ఫొటోలకు అదే దిక్కు. ఎఫ్/1.8లో గ్రూప్ తీస్తే ముందు వరుస స్పష్టంగా, వెనక వరుస మసకగా వస్తుంది, అది ఎలాగూ కుదరదు. గ్రూప్‌కి ఎపర్చర్ తగ్గించి, ఫ్లాష్‌ని తెల్ల సీలింగ్ వైపు తిప్పి కొట్టాలి.

ఏది కొన్నాం, ఏవి వదిలేశాం

ఇప్పుడు కొత్తగా వచ్చేవన్నీ మిర్రర్‌లెస్. కెనాన్ ఆర్50, సోనీ జడ్‌వీ-ఈ10, నైకాన్ జడ్30, మూడూ మంచివే. కంటి మీద ఫోకస్ పట్టుకుని వదలవు. డబ్బుంటే నేను ఆర్50 చెబుతాను, వ్యూఫైండర్, చిన్న ఫ్లాష్ రెండూ అందులో ఉన్నాయి. జడ్‌వీ-ఈ10కి, జడ్30కి ఆ రెండూ లేవు, వాటిని వీడియో మనుషుల కోసం చేశారు. కానీ మూడింట్లో ఏది కొత్తది కిట్ లెన్స్‌తో తీసుకున్నా మా నలభై దాటిపోతోంది. వెలుతురు తెచ్చే రెండో లెన్స్‌కి ఒక్క రూపాయి మిగలదు. బతుకమ్మ దగ్గర చూసిందాని తర్వాత అలా కొనడం నాకు ఇష్టం లేకపోయింది.

కొత్త 1500డీ బడ్జెట్‌కు దగ్గరగా వస్తుంది. కానీ దానికి టచ్ లేదు, స్క్రీన్ తిరగదు, మైక్ పెట్టుకునే జాక్ లేదు, స్క్రీన్ మీద చూస్తూ తీస్తే ఫోకస్ నత్తనడక. ఇప్పటి ఆర్డర్లలో ఫొటోలతోపాటు ఒక రీల్ కూడా అడుగుతున్నారని చెల్లి చెప్పాక దాన్ని పక్కన పెట్టేశాం.

చివరికి సెకండ్ హ్యాండ్ కెనాన్ 200డీ 2. 2019 మోడల్, 24.1 మెగాపిక్సెల్. స్క్రీన్ పూర్తిగా తిరుగుతుంది, మైక్ జాక్ ఉంది, ఫుల్ హెచ్‌డీ వీడియోలో డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ముఖాన్ని వదలదు. 4కే ఉంది గానీ ఫ్రేమ్ కత్తిరించుకుపోతుంది, ఫోకస్ కూడా ఆ మోడ్‌లో బలహీనం. 4కే లేదనుకునే కొనండి. బ్యాటరీ వ్యూఫైండర్‌తో కంపెనీ లెక్క ప్రకారం 1,070 ఫొటోలు, ఒక ఫంక్షన్‌కి బాగానే సరిపోతుంది. నైకాన్ డీ5600 దొరికితే దానికి 35 ఎంఎం వేసుకునేవాళ్లం, కానీ స్క్రీన్ చూస్తూ వీడియో తీసేటప్పుడు డీ5600 ఫోకస్ వెతుక్కుంటూ ఉంటుంది. ఇళ్లలో వెడల్పు కావాలా, రీల్‌లో ఫోకస్ కావాలా అన్న దగ్గర చెల్లి రీల్ వైపు వెళ్లింది. నేనైతే డీ5600 వైపు వెళ్లేవాణ్ని, కానీ పని చేసేది తను.

మాకు పడిన ఖర్చు ఇది: బాడీ, కిట్ లెన్స్ కలిపి 29,000, వాడిన 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం 6,000, అదనపు బ్యాటరీ 1,800, 64 జీబీ కార్డు 800, గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ ప్యాకెట్లు 300. మొత్తం 37,900. మీ ఊళ్లో, మీరు కొనే రోజు ధర వేరేగా ఉంటుంది, కాబట్టి అంకెల కంటే పంపకం చూడండి. బాడీ కోసం మొత్తం ఊడ్చేయకుండా రెండో లెన్స్‌కి ముందే పక్కన తీసి పెట్టాం.

వాడిన కెమెరా కొనేటప్పుడు

ఇక్కడే డబ్బు పోయేది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ షట్టర్‌ను చాలావరకు లక్ష క్లిక్కుల లెక్కన చేస్తారు. లక్ష దాటగానే ఆగిపోతుందని కాదు, అక్కణ్నుంచి అదృష్టం మీద నడుస్తుంది. పెళ్లికి రెండు వేల క్లిక్కులు అనుకుంటే యాభై పెళ్లిళ్లకు లక్ష. అంటే పెళ్లిళ్లు తీసేవాళ్ల కెమెరా రెండు సీజన్లలోనే ముసలిదైపోవచ్చు. ఇంట్లో పిల్లల ఫొటోలు తీసుకున్నవాళ్ల కెమెరా ఐదేళ్లైనా పదివేలు దాటి ఉండకపోవచ్చు. కొన్న ఏడాది కాదు, ఎవరు వాడారన్నది అడగండి.

నైకాన్‌లో తీసిన ఫొటో ఫైల్‌లోనే షట్టర్ కౌంట్ ఉంటుంది, ఒక జేపీజీ తీసుకుని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. కెనాన్‌లో మామూలుగా అలా ఉండదు, కొన్ని మోడళ్లకు కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. ఫైల్ నంబర్ చూపించి "రెండు వేలే కొట్టింది అన్నా" అంటే నమ్మకండి, ఆ నంబర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించొచ్చు. ఫ్లాష్ పెట్టే గాడిలో రంగు ఎంత గీసుకుపోయింది, గ్రిప్ రబ్బరు వదులైందా, షట్టర్ బటన్ నునుపెక్కిందా చూడండి. ఇవి అబద్ధం చెప్పవు.

తర్వాత లెన్స్. దాన్ని బాడీ నుంచి తీసి, ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ కొట్టి ఇంకోవైపు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, ధర సగం తగ్గించినా వద్దు. ఒకటి రెండు దుమ్ము రేణువులుంటే పట్టించుకోకండి. సెన్సర్ కోసం ఎపర్చర్ ఎఫ్/16 పెట్టి ఆకాశాన్నో తెల్లగోడనో ఫొటో తీసి పెద్ద స్క్రీన్ మీద చూడండి. నల్ల చుక్కలుంటే దుమ్ము, శుభ్రం చేయించుకోవచ్చు. గీత ఉంటే లేచి వచ్చేయండి. న్యూస్ పేపర్‌ని గోడకు అంటించి ఎఫ్/1.8లో నాలుగైదు సార్లు ఫోకస్ చేసి అక్షరాలు చదవండి, ప్రతిసారీ ఒకేలా రావాలి. ఇదంతా చేయనివ్వనంటే ఆ మనిషి దగ్గర కొనకండి.

మేం చూసిన మొదటి 200డీ 2ని ఇలాగే వదిలేశాం. కెమెరా తళతళలాడుతోంది. బాక్స్ మీద ఒక సీరియల్ నంబర్, బాడీ కింద ఇంకో నంబర్. అడిగితే "బాక్సులు కలిసిపోయినయ్" అన్నారు. కలిసిపోయి ఉండొచ్చు, కానీ రేపు ఎవరైనా అది తమ కెమెరా అంటే చెల్లి దగ్గర చూపించడానికి కాగితం ఉండదు.

కొత్తది కొనేవాళ్లకు బిల్లు గురించి ఒక మాట. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 28 శాతం కాకుండా 18 శాతం. అంటే నలభై వేల కెమెరాలో సుమారు 6,100 పన్నే. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే మాట వచ్చేది అక్కడి నుంచే. బిల్లు లేకపోతే ఇక్కడి కంపెనీ వారంటీ రాదు. బయటి దేశం నుంచి వచ్చిన పీసు అయినా అంతే సమస్య, షాపువాళ్లు రాసిచ్చే చీటీ కంపెనీ వారంటీ కాదు. వాడిన కెమెరాకైతే పాత బిల్లు, బాక్సు, అమ్మేవాళ్ల సంతకంతో ఒక కాగితం తీసుకోండి.

దుమ్ము, తేమ

కొన్నాక కెమెరాను పాడుచేసేవి రెండు. వానాకాలంలో తేమ. తోలు బ్యాగులో పెట్టి బీరువాలో దాస్తే ఆ బ్యాగే తేమ పీల్చి లెన్స్‌కి ఫంగస్ తెస్తుంది. వంటింటి సామాను దొరికే చోట గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొని, సిలికా జెల్ వేసి, లెన్స్‌లు అందులో పెట్టండి. రంగు మారే జెల్ తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. వారానికి ఒకసారైనా బయటకు తీసి నాలుగు ఫొటోలు కొట్టండి, లెన్స్‌కి వెలుతురు తగలడం మంచిది.

రెండోది దుమ్ము. దాని గురించి మేడారం వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు. జాతర రోజుల్లో లక్షల కాళ్ల కింద లేచే ఎర్రదుమ్ము గంటలో కెమెరా మీద పొరలా పేరుకుంటుంది. అక్కడ లెన్స్ మార్చడమంటే సెన్సర్ మీద దుమ్ము పోసుకోవడమే. ఏ లెన్స్ కావాలో బండి దిగకముందే తేల్చుకుని, అదే తగిలించి, జంపన్న వాగు దగ్గర ఎంత మంచి ఫ్రేమ్ కనిపించినా మార్చకండి. పగలైతే కిట్ లెన్స్, చీకటి పడ్డాక 50 ఎంఎం, మధ్యలో మార్చాలంటే బండిలో అద్దాలు ఎత్తేసి, బాడీ నోరు కిందికి పెట్టి మార్చండి. ఇంటికొచ్చాక నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర్లు పడతాయి. రబ్బరు బ్లోవర్ రెండు మూడు వందలకు దొరుకుతుంది. మా లిస్టులో అది లేదు, మిగిలిన 2,100లోంచి మొదట కొన్నది అదే.